కొమ్ము రాలితే ఆనవాలు రాలినట్టేనా?

మా బావమరిదికి కెమెరా పిచ్చి. అచ్చంపేట మీదుగా మన్ననూరు దాటి నల్లమల అడవిలోని ఫరహాబాద్ వైపు ఏడాదికి నాలుగుసార్లయినా వెళ్లొస్తాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్‌లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండింట్లోనూ చుక్కల దుప్పి, మగది, గట్టిపడిన కొమ్ములతో. రెంటికీ మధ్య ఏడాది తేడా. "రెండూ ఒకటే బావా. ఎడమ కొమ్ముకి నుదుటి మీది రెమ్మ చూడు, ఎలా లోపలికి తిరిగిందో" అన్నాడు. పక్కనే మాస్టారు కూర్చుని ఉన్నారు. జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. ఫోన్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "దుప్పి కొమ్ములు ఏటా రాలిపోతాయి కదయ్యా. పోయినేటి కొమ్ము మట్టిలో కలిసింది. ఇది కొత్తగా మొలిచింది. కొత్తదాన్ని పట్టుకుని పాతవాణ్ని ఎలా ఆనవాలు పడతావు?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. వాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

పండగ పూట పెద్దాయనతో వాదన ఎందుకని ఆ రోజు నోరు మెదపలేదు. ఇప్పుడు రాతలో మెదుపుతున్నాను. మాస్టారూ, కొమ్ములు ఏటా రాలతాయన్నారు, నిజమే. పాతది మట్టిలో కలుస్తుందన్నారు, అదీ నిజమే. ఇది కొత్తదన్నారు, ఒప్పుకున్నాను. ఈ మూడు నిజాల్లోంచి మీరు లాగిన తీర్మానం మాత్రం తప్పు.

మాస్టారి ఒక్కరి మాటే అయితే ఇంత కాగితం ఖర్చుపెట్టేవాణ్ని కాదు. సఫారీ జీపులో కూర్చుంటే డ్రైవరు ఇదే చెబుతాడు. అడవి మీద నాలుగు పుస్తకాలు చదివిన కుర్రాళ్లు ఇంకా గట్టిగా చెబుతారు. వాళ్ల ముందున్న నమూనా పులి. నాగర్‌హోళెలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలో కెమెరాలు కట్టి, చారలను బట్టి పులుల్ని విడివిడిగా గుర్తించి లెక్కగట్టాక, దేశంలో అందరికీ ఆనవాలంటే అదే అయిపోయింది: పుట్టుకతో రావాలి, చచ్చేదాకా చెరగకూడదు. పులికి చారలు, చుక్కల దుప్పికి చుక్కలు. ఈ గజంబద్దతో కొలిస్తే కొమ్ము మొదటి మెట్టు మీదే ఓడిపోతుంది. మరి ఏనుగుల్ని చెవి అంచుల చిరుగుల్ని బట్టి గుర్తుపడుతున్నారు కదా, ఆ చిరుగులు పుట్టుకతో వచ్చినవా అని మాత్రం ఎవరూ అడగరు.

మన మాట కూడా ఈ తప్పుకు కొంత సాయం చేసింది. గేదెకున్నదీ కొమ్మే, జింకకున్నదీ కొమ్మే, దుప్పికున్నదీ కొమ్మే. కృష్ణజింక కొమ్ము లోపల ఎముక బొడిపె, పైన గోరులాంటి పదార్థంతో తొడుగు. జీవితాంతం అదే ఉంటుంది, విరిగితే విరిగినట్టే. దుప్పి కొమ్ము సంగతి వేరు. అది ఆసాంతం ఎముక. మఖమలులాంటి నూగుతోలు కప్పుకుని, లోపల నెత్తురు పారుతూ పెరుగుతుంది. ఒంట్లో టెస్టోస్టెరాన్ పెరిగాక తోలు ఎండి, దుప్పి చెట్లకు రుద్దుకుంటే పేలికలుగా ఊడిపోయి, గట్టి కొమ్ము బయటపడుతుంది. ఆ హార్మోను పడిపోయాక మొదలు దగ్గర ఎముక కరిగి కొమ్ము జారిపోతుంది. ఆంధ్రప్రదేశ్ అధికార జంతువు కృష్ణజింక, తెలంగాణది చుక్కల దుప్పి. విభజనలో రాలని కొమ్ము అటు, రాలే కొమ్ము ఇటు వచ్చాయన్నమాట. ఈ పంపకం మీద ఇంతవరకూ ఎవరూ కోర్టుకెక్కలేదు.

ఇంతకీ రాలేది ఏమిటి, మిగిలేది ఏమిటి? రాలేది కొమ్ము మాత్రమే. నుదుటి ఎముక మీద రెండు పొట్టి దిమ్మెలుంటాయి. కొమ్ము వాటి మీద నిలబడుతుంది, రాలేటప్పుడు వాటి మీద నుంచే జారుతుంది. దిమ్మె రాలదు. పుర్రెతో పాటు ఉండిపోతుంది. ఆ దిమ్మెను కప్పి ఉండే పలుచని పొరలోనే కొమ్ము తయారీ అంతా ఉంది. 1974లో హార్ట్‌విగ్, ష్రుడ్డె అనే ఇద్దరు పరిశోధకులు రో డీర్ అనే చిన్న దుప్పి నుదుటి నుంచి ఈ ఎముక పొరను తీసి ముందుకాలి మీద అతికించారు. కాలి మీద కొమ్ము మొలిచింది! కొమ్ము ఎలా మొలవాలో తెలిసింది తలకాయకు కాదు, ఆ పొరకు. కొమ్ము పోయినా పొర ఉంది. వచ్చే ఏడు మళ్లీ కట్టేది అదే మేస్త్రి.

ఆ మేస్త్రికి జ్ఞాపకం కూడా ఉందని చెప్పే సంగతి ఇంకొకటుంది, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచింది అదే. బూబెనిక్, పావ్లాన్‌స్కీ 1965లో అచ్చువేసిన ప్రయోగాలవి. పెరుగుతున్న కొమ్ముకు ఒకచోట గాయం చేశారు. ఆ ఏడు ఆ చోట వంకర వచ్చిందంటే వింతేమీ లేదు. ఆ కొమ్ము రాలిపోయింది. గాయమైన ఎముక ఇప్పుడు జంతువు ఒంటి మీద లేనే లేదు. మరుసటి ఏడు గాయం లేని కొత్త కొమ్ములో దాదాపు అదే చోట ఒక అదనపు రెమ్మ పొడుచుకొచ్చింది. కొన్నేళ్లపాటు అలా వచ్చి, ఆ తర్వాతే సద్దుమణిగింది. లేని కొమ్ముకు తగిలిన దెబ్బను రాబోయే కొమ్ము గుర్తుపెట్టుకుంది! ఇది ఎలా జరుగుతుందన్న దాని మీద ఈనాటికీ చర్చ నడుస్తోంది.  'పాతది మట్టిలో కలిసింది కాబట్టి దాని కథ ముగిసింది' అన్న మాస్టారి వాదన నిలబడాలంటే ముందు ఈ గాయాన్ని మాన్పాలి.

మా వీధిలో పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెడతారు. నిన్నటి ముగ్గు నీళ్లలో కలిసిపోయింది. ఇవాళ్టిది కొత్త పిండి, కొత్త చుక్కలు, ఒక్కోసారి కొత్త ముగ్గే. అయినా మా అమ్మ వీధి చివర నిలబడి, "ఇవాళ పెద్దకోడలు పెట్టలేదే, చిన్నది పెట్టింది" అనేది. మెలిక దగ్గర చెయ్యి ఎలా తిరిగిందో చూసి చెప్పేది. 'ఏ రోజు ముగ్గు ఆ రోజు చెరిగిపోతుంది, చెయ్యి ఎలా గుర్తుపడతారు' అని ఆమెను ఎవరూ నిలదీయలేదు. చెరగని గుర్తు ఒక రకం. చెరిగినా మళ్లీ అదే చేతితో పడే గుర్తు ఇంకో రకం. సంతకం ఈ రెండో రకం. బ్యాంకువాళ్లు నూరేళ్లుగా దాన్ని నమ్మే డబ్బులిస్తున్నారు.

ఇది పోలికే, రుజువు కాదని నాకూ తెలుసు. రుజువు కావాలంటే స్కాట్లండ్ పశ్చిమ తీరం అవతల ఉన్న రమ్ అనే దీవికి వెళ్లాలి. పేరు చూసి తొందరపడకండి, అక్కడ దొరికేవి వాన, గాలి, దుప్పులు. దాదాపు నూరు చదరపు కిలోమీటర్ల దీవి. రెడ్ డీర్ అనే ఎర్రదుప్పుల మీద అక్కడ 1953 నుంచి పరిశీలన సాగుతోంది. 1957లో దీవి ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ చేతికి వచ్చింది. 1970ల మొదటి నుంచి ఉత్తర భాగంలోని కిల్మొరీ లోయ చుట్టూ తిరిగే ప్రతి దుప్పినీ విడివిడిగా గుర్తుపెట్టుకుని, పుట్టుక నుంచి చావుదాకా దాని కథ రాసుకుంటున్నారు. టిమ్ క్లటన్-బ్రాక్, ఫియోనా గిన్నెస్, స్టీవ్ ఆల్బన్ కలిసి 1982లో తెచ్చిన పుస్తకం ఆ పని మీదే. తర్వాత జోసెఫీన్ పెంబర్టన్, లూస్క క్రూక్ లాంటివాళ్లు ఆ లెక్కల్ని జన్యుశాస్త్రం దాకా నడిపించారు.

అక్కడ పుట్టిన పిల్లల్లో చాలావాటిని పుట్టిన కొద్దిరోజుల్లోనే పట్టుకుని చెవికి బిళ్ల వేస్తారు. అందుకని 'అదంతా బిళ్లల మహిమే' అనేవాళ్లుంటారు. బిళ్ల ఊడిపోతుంది. బిళ్ల లేని దుప్పులు దీవిలో మిగతా చోట్ల నుంచి కొండ దాటి వస్తాయి, ముఖ్యంగా సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో, మగవి ఆడవాటి కోసం తిరిగే రోజుల్లో. వాటిని గుర్తుపట్టేది ఒంటి మీద సహజంగా ఉన్న గుర్తులతోనే. మొహం, చెవి చిరుగు, ఒంటి రంగు, మగవాటికైతే వాటన్నిటికంటే దూరం నుంచి కనిపించేది కొమ్ము. వసంతంలో కొమ్ములు రాలాక పరిశోధకులు బురదలో తిరిగి వాటిని ఏరుకొస్తారు. ఏ కొమ్ము ఎవరిదో తేల్చి, తూచి, కొలిచి, ఆ దుప్పి ఖాతాలో రాస్తారు. దశాబ్దాలుగా అక్కడి శాస్త్రపత్రాల్లో కొమ్ముల బరువుల లెక్కలు ఇలా ఏరిన కొమ్ముల మీద కూడా నిలబడ్డాయి. యజమాని పక్కన లేకుండా మట్టిలో దొరికిన కొమ్మును చూసి 'ఇది ఫలానావాడిది' అనగలిగారంటే అది ఆకారాన్ని బట్టే కదా. అలా అనలేమని మాస్టారు అంటున్నప్పుడు, తెలియకుండానే ఆ పత్రాలన్నిటినీ కొట్టేస్తున్నారు.

కన్ను పొరబడుతుందేమో అంటారా? పొరబడొచ్చు. దాన్ని పరీక్షించే దారి ఆ కొమ్ములోనే ఉంది. అది ఎముక కాబట్టి అందులోంచి డీఎన్ఏ తీయవచ్చు. రమ్‌లో రాలిన కొమ్ముల నుంచి తీశారు కూడా. ఆ దీవి దుప్పుల వంశవృక్షంలో తండ్రుల్ని తేల్చడానికి వాడిన నమూనాల్లో రాలిన కొమ్ములవీ ఉన్నాయి. అంటే పని కంటితో ఆగిపోవాల్సిన అగత్యం లేదు, అనుమానం వస్తే కొమ్మునే అడగొచ్చు. (అన్ని కొమ్ములూ ఏరేవాళ్ల చేతికి రావు లెండి. ఆ దీవిలో ఖనిజాల కరువు. రాలిన కొమ్ముల్ని దుప్పులే నమిలేస్తుంటాయి. అక్కడ గూళ్లు కట్టే సముద్రపక్షుల పిల్లల తలలు, కాళ్లు కొరికి ఎముకలు తిన్నాయని కూడా 1980లలో నమోదైంది. సాధుజంతువు అన్న మన పాఠ్యపుస్తకపు మాట ఆ పక్షిపిల్లలకు చెప్పాలి.)

చదువుకున్నవాళ్లు ఎత్తే ఇంకో అభ్యంతరం ఉంది. అదే రమ్ లెక్కలతో క్రూక్, ఆమె సహచరులు 2002లో తేల్చింది, కొమ్ము బరువులో కనిపించే తేడాల్లో వంశం నుంచి వచ్చేది సుమారు మూడో వంతేనని. మిగతాదంతా తిండి, వాతావరణం, గుంపులో రద్దీ. 'చూశారా, కొమ్ము అంతా పరిసరాల చేతిలో ఉంది' అంటారు. ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. కొడుకు కొమ్ము తండ్రి కొమ్మును పోలుతుందా అన్నది ఒకటి. ఒకే దుప్పి ఈ ఏటి కొమ్ము నిరుటి కొమ్మును పోలుతుందా అన్నది ఇంకొకటి. మూడో వంతు లెక్క మొదటిదానికి జవాబు. మనం అడిగేది రెండోది. అదీగాక ఆ లెక్క బరువు గురించి, ఆకారం గురించి కాదు. మంచి మేత దొరికిన ఏడు కొమ్ము బరువెక్కుతుంది, కరువు ఏడు సన్నబడుతుంది. మనిషి బక్కచిక్కినంత మాత్రాన మొహం మారిపోదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మనవాళ్లు కొమ్ములో చూడకూడనిదాన్ని చూస్తారు. రెమ్మలు లెక్కపెడతారు. 'ఏడాదికో రెమ్మ, రెమ్మలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది' అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాం. మన అడవిలోనే ఇది నిలవదు. చుక్కల దుప్పికి ఒక్కో కొమ్ముకు మామూలుగా ఉండేవి మూడు మొనలే. నుదుటి దగ్గర ఒకటి, పైన చీలిన కొన రెండు. కణుజు, అదే సాంబరు, దానికీ అంతే. రెమ్మకో ఏడాది చొప్పున లెక్కేస్తే నల్లమలలో మూడేళ్లు దాటిన మగదుప్పే ఉండకూడదు. కన్హా అడవుల్లోని బారాసింగా అనే దుప్పికి పేరులోనే పన్నెండు ఉంది. మొనలు మాత్రం పదీ ఉంటాయి, పద్నాలుగూ ఉంటాయి. స్కాట్లండ్‌లో పన్నెండు మొనలుంటే 'రాయల్' అని బిరుదిస్తారు. ఎడ్విన్ లాండ్‌సీర్ 1851లో గీసిన ప్రసిద్ధమైన దుప్పి బొమ్మ ఆ బిరుదుకు తగ్గదే. ఆ దుప్పే ముసలిదైతే పై మొనలు తగ్గి పదికో ఎనిమిదికో దిగుతుంది. వెనక్కి నడిచే అంకెను వయసు ఎలా అంటాం? రెమ్మల లెక్క ఏటేటా మారడం చూసి, 'కొమ్ము మారిపోయింది, గుర్తు పోయింది' అని బెంబేలెత్తడం ఆ తప్పులోంచి పుట్టిన రెండో తప్పు.

ఏళ్లు గడిచినా అంతగా మారనివి వేరే ఉన్నాయి. నుదుటి రెమ్మ కాండం నుంచి ఏ కోణంలో బయలుదేరుతుంది. మొదలుకు ఆనుకుని ఉందా, కాస్త పైన ఉందా. కాండం బయటికి వంగి మళ్లీ లోపలికి ఎలా తిరుగుతుంది. రెండు కొమ్ముల మధ్య ఎడం ఎంత. ఎర్రదుప్పికైతే రెండో రెమ్మ ఉందా, అసలు రాదా, ఒకవైపే వస్తుందా. కుడిఎడమల తేడా అన్నిటికంటే గొప్ప సాక్షి, ఎందుకంటే మంచి మేత రెండు కొమ్ములనూ కలిపి పెంచుతుంది గానీ ఎడమదాన్ని ఒక్కదాన్నే లోపలికి తిప్పదు. మధ్య ఐరోపాలో అడవి కాపలాదారులు ఒకే దుప్పి ఏటేటా రాల్చిన కొమ్ముల జతల్ని వరుసగా గోడకు తగిలించడం పాత అలవాటు. ఆ వరుస ముందు నిలబడితే శాస్త్రం అక్కర్లేదు. మొదట పుల్లంత, తర్వాత చేతికర్రంత, నడిమి ఏళ్లలో చెట్టంత, చివర మళ్లీ కుంచించుకుపోతూ, ఆ మెలిక మాత్రం అన్నిటిలోనూ ఉంటుంది.

ఇక్కడ నా పక్షం వాళ్లనీ కాస్త ఆపాలి. కొమ్ము వేలిముద్రలాంటిదని ఊదరగొట్టే వేటగాళ్లు అమెరికాలో కోకొల్లలు. చెట్టుకు కెమెరా కట్టి, 'మూడేళ్లుగా నేను వెంబడిస్తున్నది వీడే' అని ప్రమాణం చేస్తారు. అక్కడి వైట్‌టెయిల్ దుప్పుల్ని కెమెరాలతో లెక్కగట్టే పద్ధతిని 1997లో జేకబ్‌సన్ బృందం అచ్చులో పెట్టింది. మగవాటిని కొమ్ముల్ని బట్టి ఒక్కొక్కటిగా గుర్తించి, ఆ నిష్పత్తితో ఆడవాటినీ పిల్లల్నీ అంచనా వేస్తారు. అది ఒకే సీజన్‌లో, కొన్ని రోజుల తేడాలో చేసే పని. దాన్ని చూపించి ఏళ్ల తరబడి గుర్తుకు పత్రం పుట్టించుకోవడం కుదరదు. ముఖ్యంగా పసిదుప్పి విషయంలో. తొలి కొమ్ము చాలాసార్లు రెమ్మల్లేని వట్టి పుల్ల. 'ఒకసారి పుల్లకొమ్మైతే ఎప్పటికీ పుల్లకొమ్మే' అని నమ్మి టెక్సస్‌లో అలాంటి కుర్రదుప్పుల్ని ఏరి చంపిన రోజులున్నాయి. దక్షిణ టెక్సస్‌లో దుప్పుల్ని పట్టి, గుర్తులేసి వదిలి, ఏటేటా మళ్లీ పట్టి కొలిచి కోర్త్, క్రోల్ 2008లో చూపించింది ఇదీ: నాలుగైదేళ్లు వచ్చేసరికి పుల్లకొమ్ముతో మొదలైనవాడికీ రెమ్మలతో మొదలైనవాడికీ చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. కాబట్టి మొదటి రెండు కొమ్ములు చూసి నాలుగోదాన్ని గుర్తుపడతాననే మనిషిని నేనూ నమ్మను.  

దెబ్బల సంగతి కూడా దాచను. వెనకకాలు విరిగిన దుప్పికి ఆ తర్వాత వచ్చే కొమ్ము, చాలాసార్లు ఎదురువైపుది, వికారంగా వస్తుంది. నూగుతోలు దశలో కొమ్మకు గుద్దుకుంటే మెత్తని కొమ్ము వంగిపోతుంది. ముదిమిలో ఆకారం సడలుతుంది. ఉత్తర నార్వే, స్వీడన్, ఫిన్లండ్‌లలో రెయిన్‌డీర్‌ను నమ్ముకుని బతికే సామీ ప్రజల్ని చూడండి. వాటి కొమ్ముల తీరుతెన్నులకు వాళ్ల భాషల్లో ఉన్నన్ని మాటలు మనకు ఊహకందవు. అయినా నా మందా, నీ మందా అని తేల్చుకోవాల్సి వస్తే వాళ్లు కొమ్మును నమ్మరు, దూడ చెవికి కత్తితో గంటు పెడతారు. మాస్టారి పక్షాన నాకు కనిపించిన అన్నిటికన్నా గట్టి సాక్ష్యం ఇదే. కానీ వాళ్లు చెవి కోసేది ఆస్తి తగాదా తీర్చుకోవడానికి. వేల జంతువుల్లో, ఎప్పుడూ చూడని మనిషి కూడా ఒక్క చూపులో ఒప్పుకోవాల్సిన గుర్తు అది. మందలో ఏది ఏదో మాట్లాడుకోవాల్సి వచ్చినప్పుడు అదే మనుషులు కొమ్ముల మాటలే వాడతారు.

దీన్నిబట్టి అడగాల్సిన ప్రశ్న ఏమిటో తేలుతుంది. 'ప్రపంచంలో ఉన్న దుప్పులన్నిట్లో ఇది ఏది' అని అడిగితే కొమ్ము జవాబివ్వలేదు. 'ఈ చెలమకు వచ్చే పాతిక మగవాటిలో ఇది ఏది' అంటే ఇవ్వగలదు. ఊళ్లో చీకట్లో నడక చూసి 'వచ్చేది మల్లయ్య మామ' అంటాం. హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో అలా అనగలమా? నడక మారలేదు, మారింది జనం లెక్క. రెండో షరతు గొలుసు తెగకూడదు. నిరుటి కొమ్ముతో ఈ ఏటి కొమ్మును పోల్చాలి, అయిదేళ్ల కిందటిదానితో కాదు. మధ్యలో రెండేళ్లు కనబడకపోతే 'బహుశా' అని రాసుకోవాలి. రమ్‌లో పని నిలబడింది ఏటా ఎవరో ఒకరు అక్కడ ఉండటం వల్ల. దిబ్బ మీద ఒక్క ఫోటో తీసి వెళ్లిపోయిన మనిషికి ఆ కన్ను రాదు. రానందుకు తప్పు కొమ్ము మీదకు నెట్టడం అన్యాయం.

'ఎందుకీ తంటా, పట్టుకుని ఒక కాలరు వేస్తే పోలే' అన్నది ఈ మధ్య ఎక్కువగా వింటున్న సలహా. చుక్కల దుప్పిని పట్టడం పులిని పట్టినంత తేలిక కాదు. వెంబడించినా, వలలో పడినా బెదురుకే కండరాలు చెడి, గంటల్లోనో రోజుల్లోనో చచ్చిపోయే జాతులివి. గుర్తుకోసం ప్రాణం తీయడం ఏ పద్ధతి? కాలరు అక్కరకొచ్చే ప్రశ్నలున్నాయి, ఏటి అవతలికి ఎంత దూరం పోతుందన్నట్టివి. ఈ పాతికమందిలో ఎవరు బతికున్నారు, ఎవరు లేరు అన్నదానికి కళ్లు, ఒక పుస్తకం, ఓపిక చాలు.

మన అడవిలో ఇబ్బంది ఇంకో చోట ఉంది, దాన్ని మాస్టారు ఎత్తనే లేదు. స్కాట్లండ్‌లో ఎదిగిన మగవి మార్చి, ఏప్రిల్‌లో దాదాపు ఒకేసారి కొమ్ములు రాలుస్తాయి, ఆగస్టుకు కొత్తవి గట్టిపడతాయి. చుక్కల దుప్పికి ఆ క్యాలెండరు లేదు. ఒకే మందలో ఒకడు గట్టి కొమ్ముతో, ఇంకొకడు నూగుతోలుతో, మూడోవాడు బోడి తలతో ఏ నెలలోనైనా కనిపిస్తారు. ఎండాకాలంలో గట్టి కొమ్ములవి ఎక్కువ, అంతే. సరిగ్గా ఏడాది తిరిగి అదే తారీఖున ఫోటో తీసినా సగం పెరిగిన కొమ్ము దొరకొచ్చు. సగం ముగ్గు చూసి చెయ్యి చెప్పమంటే మా అమ్మ కూడా కాసేపు ఆగమనేది. పైగా మొనలు మూడే కావడంతో చూడదగ్గ ఆధారాలు ఎర్రదుప్పికున్నన్ని లేవు.

అయితే ఎర్రదుప్పికి లేని అదృష్టం మనదానికి ఒకటుంది. చుక్కలు! ఒంటి మీద చుక్కల వరస ఏ రెంటికీ ఒకటి కాదు, ఏటికేడు మారదు. మాస్టారు నమ్మే చెరగని గుర్తు, నేను వెనకేసుకొస్తున్న చెరిగే గుర్తు ఒకే జంతువు మీద ఉన్నాయి. ముందు చుక్కల్ని బట్టి 'ఇది అదే' అని తేల్చుకుని, తర్వాత రెండేళ్ల కొమ్ముల్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఆకారం తిరిగొచ్చిందా లేదా? నా మాట తప్పయితే అక్కడే తేలిపోతుంది. నాలుగేళ్లకోసారి పులుల లెక్క కోసం అడవి నిండా కెమెరాలు కడతారు. వాటి ముందు పులులకన్నా ఎన్నో రెట్లు దుప్పులు నడుస్తాయి. పులి లేని ఆ ఫోటోలను ఎవరైనా కూర్చుని ఈ చూపుతో చూస్తే దీవికి పోనక్కర్లేదు, మన నల్లమలలోని అమ్రాబాద్ చాలు. కొమ్ము ఏరుకొచ్చి కొలుద్దామని మాత్రం ఎవరూ బయలుదేరకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాలిన కొమ్మును ఇంటికి తెచ్చుకోవడం నేరం. అటవీ శాఖకే ఆ హక్కు.

ఇదంతా రాసే ముందు బావమరిదికి ఫోన్ చేసి ఆ రెండు ఫోటోలు తెప్పించుకున్నాను. చుక్కలు చూద్దామనుకున్నాను. పాత ఫోటోలో దుప్పి కుడి పక్క కనిపిస్తోంది, కొత్తదాంట్లో ఎడమ పక్క. రెండు పక్కల చుక్కలూ ఒక్కలా ఉండవు, పోల్చడానికి లేదు. మిగిలింది కొమ్ములే. ఎడమ నుదుటి రెమ్మ నిజంగానే రెండింట్లోనూ లోపలికి తిరిగి ఉంది, కుడిది నిటారుగా ఉంది, చీలిక కింద కాండం మీద చిన్న బుడిపె కూడా రెండింట్లో ఉంది. 'బహుశా' అని రాసి పంపాను. వాడికి ఆ మాట నచ్చలేదు. మళ్లీ మన్ననూరు వెళ్లి, ఆ దుప్పి కనబడ్డ చెలమ దగ్గరే రెండు రోజులు కాపు కాసి, నిన్న రాత్రి ఇంకో ఫోటో పంపాడు. కుడి పక్కే, చుక్కలు అద్దంలా కనిపిస్తున్నాయి, పాత ఫోటోతో పొట్ట దగ్గర వరస చుక్కచుక్కా కలిసింది. తల మీద మాత్రం జానెడు నూగుకొమ్ము, ఇంకా రెమ్మ కూడా వేయలేదు. మాస్టారికి ఇప్పుడే చూపించొద్దన్నాను, ఇంకో మూడు నెలలాగి మళ్లీ వెళ్లమన్నాను.